బలవంతపు ఇన్‌స్టాలు

"ఆగింది చూడు, సరిగ్గా ఈరోజే!" గుమాస్తా ప్రజీష్ కంప్యూటరును తిట్టుకున్నాడు.

కేరళలోని కన్నూరు బీడీ కార్మికుల సహకార సంఘం ఆఫీసు అది. సాయంత్రం ఐదులోగా నలభై ఒక్కమంది సర్వీసు కాగితాలు పింఛను ఆఫీసుకు చేరాలి. గడువు దాటితే జాబితాలో పేరుండదు.

బెంచీ మీద కార్త్యాయని ఎదురు చూస్తోంది. ముప్పయ్యొక్క ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. అక్కడందరికీ ఆమె చేచ్చి, అంటే అక్క.

"ఏమైంది బాబూ?"

"కొత్త ప్రింటింగ్ ప్యాకేజీ వేస్తున్నా చేచ్చీ. అందులో ఒక ఫైలుంది. అదే పేరుతో, అదే చోట పాత ప్యాకేజీ ఫైలు ముందే ఉందట. వెయ్యనని మొరాయిస్తోంది."

బెంచీ చివర ఇంకొకాయన ఉన్నాడు. నలిగిన పంచె, మెడకు కట్టు. పొద్దున్నే వచ్చాడు. రెండుసార్లు ఏదో చెప్పబోయి, "ఆగండి, పనిలో ఉన్నా కదా" అనిపించుకున్నాడు. మీరెవరని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఇప్పుడాయన లేచి వచ్చాడు. గొంతు పీలగా ఉంది.

"బలవంతంగా వెయ్యకు బాబూ. ఈ కంప్యూటరును నడిపే లైనక్సు ఊరికే ఆపదు. మీ పాత రికార్డుల్లో అక్షరాలను చదివిపెట్టేది ఆ పాత ఫైలే. దాన్ని వేరే పేరుతో పక్కకు మళ్ళించు. అప్పుడు రెండూ బతుకుతాయి."

"మీరెక్కడ పని చేస్తారు అన్నా?" అడిగాడు ప్రజీష్.

"ఇప్పుడెక్కడా లేదు. నేను..."

"అదీ సంగతి! పిలవని పేరంటానికొచ్చి పెత్తనమొకటి."

కార్త్యాయని కూడా ఊరుకోలేదు. "చదువుకున్నవాడికి తెలీదా అయ్యా! నా కాగితం ఆగిపోతే రేపు నువ్వొచ్చి పెడతావా నాకు కూడు?"

"ఒక్క పది నిమిషాలివ్వండి. నా దగ్గర..."

"మీతో పని లేదు," అన్నాడు ప్రజీష్. "కూర్చుంటే కూర్చోండి, లేదంటే దయచేయండి."

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ప్రజీష్ ఉన్న పాత ఫైలు మీదే రాసెయ్యమని ఆజ్ఞ కొట్టాడు. నిమిషంలో కొత్త ప్యాకేజీ ఎక్కేసింది.

"చూశావా చేచ్చీ! ఇంతోటిదానికి పాఠాలు చెప్పడానికొచ్చాడు."

మొదటి కాగితం కార్త్యాయనిది. పై నుంచి కింది దాకా అర్థంపర్థం లేని గుర్తులు. పేరు లేదు, ఊరు లేదు.

"ఇదేం భాష బాబూ?"

ప్రజీష్, కొత్తది తీసేస్తే పాతది మామూలవుతుంది కదా అనుకున్నాడు. తొందరపాటు మీద తొందరపాటు! తీసేశాడు. ఆ ఫైలు ఇప్పుడు కొత్తదాని సొత్తు గనక, అది పోతూ పోతూ ఫైలునూ వెంట తీసుకుపోయింది.

పాత ప్యాకేజీ మళ్ళీ వేద్దామంటే ఏ సర్వరులోనూ దొరకలేదు. ఈ సంఘం కోసమే ఎవరో ఇరవై ఏళ్ళ కిందట చేసిపెట్టినది. నకలు దాచాలన్న ఆలోచన ప్రజీష్‌కు ఏనాడూ రాలేదు.

"నా ముప్పయ్యొక్క ఏళ్ళు ఏవి బాబూ?" అంది కార్త్యాయని.

ప్రజీష్ గోడ గడియారం చూశాడు.

నాలుగూ నలభై. పాత ప్యాకేజీ వివరాలు తెరిస్తే, తయారుచేసినవారు అచ్యుతన్, వడకర అని ఉంది. రైల్లో గంట దూరం. పక్కనే ఇంటి ఫోను నంబరు. వెంటనే నొక్కాడు. ఒకావిడ ఎత్తింది.

"అమ్మా, కన్నూరు బీడీ సంఘం నుంచి. అచ్యుతన్ గారున్నారా? నలభై ఒక్కమంది అన్నం ముద్ద ఆయన చేతిలో ఉందమ్మా!"

"ఇప్పుడా గుర్తొచ్చాడు? ఆ కొత్త ప్యాకేజీతో తగువొస్తుందని మీకు మూడు మెయిళ్ళు పెట్టాడు. ఒక్కదానికైనా జవాబిచ్చారా? మెడకు ఆపరేషనై వారం కాలేదు, కదలొద్దని డాక్టరు చెప్పినా వినలేదు."

"తప్పయిపోయిందమ్మా. ఆయనెక్కడున్నారో చెప్పండి, కాళ్ళు పట్టుకుంటా."

"సరిచేసిన ప్యాకేజీ జేబులో పెట్టుకుని పొద్దున్నే మీ ఆఫీసుకే వచ్చాడు నాయనా, తనతో పని లేదన్నారట, తిరుగు రైలు కదిలిందని ఇప్పుడే ఎవరి ఫోన్లోంచో చెప్పాడు."