మూసిన కిటికీ

"ఈ మాట కూడా సరిగ్గా రాకపోతే మెషీన్ వెనక్కి తీసుకెళ్లాలి ఆంటీ," అంది ఇంజినీరమ్మాయి.

కాళ్లూ చేతులూ మాటా పడిపోయి రెండేళ్లుగా మంచంలో ఉన్న నా కూతురు, తలకు వైర్ల టోపీతో తెరనే చూస్తోంది. మనసులో అనుకున్న అక్షరం తెర మీద పడాలట.

"ఆ టోపీ వేడెక్కి బుర్రకేమైనా అయితే?"

"పొద్దుట్నించీ పదిసార్లు అడిగారు. ఏం కాదు! 'నీళ్లు' అని రాయమన్నాను, చూడండి."

ముందు 'కి' పడింది. తర్వాత 'టి'.

"తప్పు. సారీ ఆంటీ." టోపీ తీయబోయింది.

"ఆగమ్మా!" అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. ఒక్కో అక్షరమే వచ్చి చేరుతోంది.

'కిటికీ తియ్యి.'

చలిగాలి తగులుతుందేమోనని రెండేళ్లుగా ఆ కిటికీ మూసి, రెండు దుప్పట్లు కప్పుతున్నది నేనే.

ఇంజినీరమ్మాయి టోపీ వదిలేసింది.

"జలుబు చేస్తుందే నా తల్లీ!" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

తెర మీద మళ్లీ అక్షరాలు పడ్డాయి.

'చెయ్యనీ అమ్మా.'

లేచి వెళ్లాను. గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇంజినీరమ్మాయి కూడా వచ్చి నాతోపాటు లాగింది.