పాప సంచి

“పాప సంచి నాకిచ్చి, మీరు రెండు నిమిషాలు ఇక్కడే ఉండండి సార్. పాపనేమీ అనకండి,” అంది ఆ మనిషి గొంతు తగ్గించి.

తండ్రికి ఒళ్ళు మండింది.

ఆవిడకు మోకాళ్ళ దాకా బురద, నడుముకు కొడవలి. చిత్తడి నేల మీద వేసిన ఆ చెక్కదారిలో పావుగంటగా వెనకే వస్తోంది. వీళ్ళు ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది.

నీటిపక్షుల గురించి పాపకు నేర్పాలని కుటుంబమంతా పొద్దున్నే బయల్దేరి వచ్చింది. ఏ పక్షి ఏం తింటుందో, ఏ గడ్డిలో గుడ్లు పెడుతుందో తండ్రి పుస్తకం చూసి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. ఏడేళ్ళ పాప మామూలుగా ప్రశ్నలతో ప్రాణం తీస్తుంది. ఇవాళ సంచిని గుండెకు హత్తుకుని నోరు విప్పకుండా నడుస్తోంది. శ్రద్ధగా వింటోందని ఆయన మురిసిపోయాడు.

సంచి ఎందుకివ్వాలని తల్లి నిలదీసింది. ఆవిడ పాప వైపు చూసి, తర్వాత చెబుతానమ్మా అని నసిగింది.

తండ్రి తిన్నగా గేటు దగ్గరికి నడిచి గార్డుకు ఫిర్యాదు రాసిచ్చాడు. ఆవిడ అలాంటిది కాదని గార్డు నీళ్ళు నమిలాడు. కానీ ఫిర్యాదు వస్తే ఆ రోజుకు పడవలో అవతలి గట్టుకు పంపేయాల్సిందే, అది రూలు. ఆవిడ ఏదో చెప్పబోయింది. తండ్రి చెప్పనివ్వలేదు.

పడవ ఎక్కుతూ కూడా ఆవిడ సంచి వైపే చూసింది.

“చూశావా, కన్నంతా దాని మీదే,” అన్నాడు తండ్రి భార్యతో.

పడవ కనుమరుగయ్యాక పాప ఏడుపు మొదలుపెట్టింది.

“నాన్నా, ఇది కళ్ళు తెరవట్లేదు.”

సంచిలో పాప టోపీ, టోపీలో నల్లటి నూగుతో గుప్పెడంత నీటికోడి పిల్ల. పాపం, దానికి అమ్మ లేదని తెచ్చుకుందట. తిడతారని దాచిందట.

గార్డు ముఖం పాలిపోయింది. మనుషుల్ని చూసి తల్లికోడి పక్కనే గడ్డిలో దాక్కుని ఉంటుందని, పిల్ల ఇవాళే పుట్టిందని, తల్లి రెక్కల కింద వెచ్చగా లేకపోతే గంట కూడా బతకదని చెప్పాడు.

ఎక్కడ తీశావంటే పాప వేలు చూపించింది. ఆ వేలికి ఎదురుగా మూడు మైళ్ళ జమ్ముగడ్డి గాలికి ఊగుతోంది.

తండ్రి బూట్లతోనే బురదలోకి దిగాడు. ఎక్కడ చూసినా ఒకటే గడ్డి, ఒకటే నీళ్ళు. పుస్తకంలో అన్నీ ఉన్నాయి, ఈ పిల్ల గూడు ఎక్కడో మాత్రం లేదు. గట్టు మీద పాప తల్లి ఆ పిల్లను దోసిట్లో పెట్టుకుని వెచ్చగా ఊపిరి ఊదుతోంది.

“మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎవరినైనా పిలవండి,” అని గార్డును బతిమాలాడు తండ్రి.

గార్డు అవతలి గట్టు వైపు చూశాడు. పడవ మళ్ళీ రేపు పొద్దునే వస్తుంది. ఆవిడకు ఫోనూ లేదు.

“జమ్ము కోసే ముందు ప్రతి గూడూ చూసుకుని గుర్తుపెట్టుకుంటుంది సార్. ఇలా మీలాంటివాళ్ళు తెలీక ఎత్తుకొచ్చిన పిల్లల్ని, ఇన్నేళ్ళుగా తల్లి దగ్గరికి చేర్చేది ఆవిడొక్కతే.”