నత్తకంటే నెమ్మది

పెరటి గూట్లో బల్బు వెలగక, చుక్కలకోడి పిల్లలు చలికి వణికిపోతున్నాయి. కోడి గోడమీది రాగితీగ దగ్గరికి పరుగెత్తి, అందులోని ఒక బుల్లి ఎలక్ట్రాన్‌ను బతిమాలుకుంది.

"నాయనా, తొందరగా బల్బు దగ్గరికి వెళ్ళవూ!"

"అమ్మా, నేను నత్తకంటే నెమ్మది," అన్నాడు ఎలక్ట్రాన్ సిగ్గుపడుతూ. "పైగా స్విచ్చు దగ్గర దారి తెగి ఉంది."

కోడి ఎగిరి, ముక్కుతో స్విచ్చు నొక్కింది. ఎలక్ట్రాన్ అడుగు వేశాడో లేదో, గూడంతా వెలుగు!

కోడి నోరెళ్ళబెట్టింది. "నువ్వింకా ఇక్కడే ఉన్నావు కదరా!"

"తీగ నిండా మావాళ్ళే అమ్మా. అందరం ఒకేసారి కదిలాం. బల్బులో ముందే ఉన్నవాళ్ళు అక్కడే అడుగేశారు."

పిల్లలు వెచ్చగా కునుకు తీశాయి. కోడికి మనసు కుదుటపడింది.

"మరి దండం ఎవరికి పెట్టను?"

"ఎవరికైనా పెట్టమ్మా. వరసలో ఉన్నాం, అందరికీ అందుతుంది."