మజ్జిగ పరీక్ష

గుంటూరు పురుగుమందుల పరీక్షశాలలో అందరూ ఇళ్లకు వెళ్లాక పానకాలరావు ఒక్కడే మిగిలాడు. బయట చీకటి పడింది. కొన్నాళ్లుగా అతనికి కడుపులో ఒకటే మంట. మిరపతోటలకు కొట్టే ఎండ్రిన్ మందుని భార్య మాణిక్యమ్మే మజ్జిగలో కలుపుతోందేమోనని అనుమానం పట్టుకుంది. మధ్యాహ్నం మాణిక్యమ్మ క్యారేజీతో పంపిన మజ్జిగ సీసాలోంచి కొంచెం తీసి, సారం వడగట్టి, సూదితో విషాన్ని పసిగట్టే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రంలోకి ఎక్కించాడు.

విషం ఉంటే యంత్రం కలం కాగితం మీద గుట్టలా పైకి గీస్తుంది. ఎంతసేపు చూసినా గీత తిన్నగానే సాగింది. మజ్జిగలో ఏమీ లేదు. పానకాలరావుకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు వండిపెట్టిన మనిషిని ఎంత మాట అనుకున్నాడు!

"ఇంకా రాలేదేమిటా అని వచ్చానండీ."

గుమ్మంలో మాణిక్యమ్మ నిలబడి ఉంది. ఆమె చూపు బల్ల మీది సీసా దగ్గర ఆగింది.

"అది నేను పంపిన మజ్జిగ కదూ?"

"మాణిక్యం, అదీ..."

ఆమె సీసా ఎత్తి చివరి చుక్కదాకా తాగింది. మూతి తుడుచుకుని అతని కళ్లలోకి చూసింది.

"ఇప్పుడు నమ్మకం కుదిరిందా?"

అప్పుడు అతని వెనక కలం గరగరమంది. యంత్రంలోకి అతను మళ్లీ ఏమీ ఎక్కించలేదు. అయినా కలం పైకి, ఇంకా పైకి గీస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూస్తే ఆమెను మళ్లీ అనుమానించినట్టే.

"ఏమిటండీ ఆ చప్పుడు?" అంది మాణిక్యమ్మ.

"ఏమీ లేదు," అన్నాడు తల తిప్పకుండా.