ఒంటె కొరికిన చెయ్యి

"ఒంటె కొరికిందా?" టైలరమ్మ పకపకా నవ్వింది. "కోసేదేదో కాస్త అతికేలా కొయ్యండి తాతయ్యా!"

ఆ గదిలో అందరికీ ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. పుట్టుకతోనే అలా ఉన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుని మరీ పెట్టుకున్న సంఘం అది. "చెయ్యేమైంది?" అని అడిగే లోకానికి తాము చెప్పే కోతలకి వాళ్ళలో వాళ్ళకి ఏటా ఓ పోటీ. చెప్పేవాళ్ళు నవ్వకూడదు, ఎవరేమడిగినా తడబడకూడదు. కప్పు ఎప్పుడూ టైలరమ్మదే. దానికోసం ఇంట్లో అద్దాల అలమరా కూడా చేయించుకుంది.

ఈసారీ ఆమె అదరగొట్టింది. "బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాను. ఎదురు బస్సులో ఎవరో షేక్‌హ్యాండ్ ఇచ్చి, వదలడం మర్చిపోయారు" అంది. అందరూ పడీపడీ నవ్వారు. తీరా చూస్తే, కొత్తగా చేరిన, లిఫ్టు నడిపే తాతయ్య ఆమె కప్పుకే ఎసరు పెట్టేలా ఉన్నాడు.

"ఎక్కడి ఒంటె?" టైలరమ్మ నిలదీసింది.

"సర్కస్‌దమ్మా. అప్పట్లో దానికి మేత వేసేవాణ్ణి. పేరు మహారాణి."

"ఎందుకు కొరికింది?"

"కుళ్ళు. దాని కళ్ళముందే గుర్రానికి ముద్దు పెట్టాను."

"నోరు ఏం వాసన?"

"తడిసిన గోనెసంచి."

"ఆ తర్వాత?"

"వారంపాటు మేత ముట్టలేదు. పశ్చాత్తాపమో, అజీర్తో తెలీదు."

గది గొల్లుమంది. టైలరమ్మకి చెమటలు పట్టాయి. "ఇప్పుడెక్కడుందా ఒంటె?"

"పోయిందమ్మా. నేనే దగ్గరుండి సాగనంపాను. ఎంతైనా నా చెయ్యి తిన్న ప్రాణి కదా."

తాతయ్య నవ్వలేదు సరికదా, కళ్ళు తుడుచుకున్నాడు. అధ్యక్షుడు లెక్కల మాస్టారు ఇంక ఆలోచించకుండా కప్పు ఆయన చేతిలో పెట్టేశాడు. చప్పట్ల కోసం ఎవరికి వారు పక్కవాళ్ళ చెయ్యి వెతుక్కున్నారు.

టైలరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. కానీ పనితనం ఎవరిదైనా మెచ్చుకోవాల్సిందే కదా! దగ్గరికెళ్ళి, ఉన్న చెయ్యెత్తి దండం పెట్టింది. "ఇంత పచ్చి అబద్ధం గడగడా ఎలా చెప్పారు తాతయ్యా?"

తాతయ్య కప్పుని గుండెకి హత్తుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒంటె సంగతి నిజమేనమ్మా. మీ అందరి పక్కన కూర్చోవాలని ఆశపడి, చేరేటప్పుడు 'పుట్టుకతోనే' అన్నానే, అదొక్కటే అబద్ధం!"