మీసాల ప్రొఫెసరు

"ఎక్కడికి పోతున్నం శారదా?"

కారు మొయినాబాద్ దాటింది. దేవదాస్ అలా అడగడం ఇది మూడోసారి.

"చేవెళ్లకు. ప్రొఫెసర్‌గారికి సన్మానం," అంది శారదాదేవి. భర్త జేబులో ఫోన్ నంబరు చీటీ ఉందో లేదో చూసి, కాలరు సరిచేసింది.

"వాని సన్మానానికి నేనెందుకు? నన్ను ఇంటికాడ దింపు."

"మీరు లేకుంటే నేను కూడ పోను."

ఆవిడ ఒళ్లో ఆ ప్రొఫెసరు రాసిన పుస్తకం. అట్ట మీద ఎప్పటిదో పాత ఫొటో, టెలిస్కోపు పక్కన దట్టమైన మీసాలతో నవ్వుతున్న ప్రొఫెసరు. రోజూ పొద్దున్నే ఆవిడ దాన్నే చదివి వినిపిస్తుంది. వింటున్నంతసేపూ దేవదాస్‌కు ఒళ్లు మండిపోతుంది.

"నేను కూడ ముప్పై ఏండ్లు నక్షత్రాలే చూసిన. నాకెవ్వడన్న శాలువ కప్పిండా?"

కారు నడుపుతున్న కల్యాణ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు; ఈ సన్మానం ఏర్పాటు చేసిందీ అతనే. అద్దంలోంచి చూశాడు. "ఆ పుస్తకం చదివే నేను ఈ లైన్‌లకు వచ్చిన సార్."

"ఏమున్నదయ్యా అండ్ల? ఒక గ్రహం. దానికి ఒక దిక్కు ఎప్పటికీ పగలు, ఇంకో దిక్కు ఎప్పటికీ చీకటి. నడుమ సన్నటి అంచు. ఆ అంచు మీద బతకొచ్చంటడు. అంతే కదా! అది నేనెప్పుడో అనుకున్న మాట. కొట్టేసిండు!"

శారదాదేవి కిటికీలోంచి పూలతోటల వైపు చూసింది.

చేవెళ్ల దగ్గర పడుతుంటే దేవదాస్ గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు. వాడంటే నీకిష్టమా?"

"ఇష్టమే."

"ఎప్పటి సంది?"

"నలభై ఏండ్ల సంది."

గుండెలో కత్తి దిగినట్టయింది. ఇన్నాళ్లూ తనతో కాపురం చేస్తూనా!

"మరి నేను?"

"మీ చెయ్యి ఎప్పుడన్న వదిలిన్నా?" అంటూ ఆవిడ ఆయన వేళ్లను గట్టిగా పట్టుకుంది.

ఫంక్షన్ హాలు కిక్కిరిసి ఉంది. ముందు వరుసలో కూర్చోబెట్టినా దేవదాస్ మనసు నిలవలేదు. ఇవాళ వాణ్ని నలుగురిలో నిలదీయాలి. నా మాట కాజేశావు, నా భార్య మనసూ కాజేశావు, ఇంకేం కావాలని అడగాలి.

మైకులో ప్రొఫెసర్‌గారి పేరు పిలిచారు. హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లలో దేవదాస్‌కు పేరు వినిపించలేదు. వాడు ఎటు నుంచి వస్తాడా అని గుమ్మం వైపు తిరిగాడు. ఎవరూ రాలేదు.

కల్యాణ్ శాలువా పట్టుకుని వేదిక దిగాడు.

దాన్ని దేవదాస్ భుజాలకు కప్పాడు.