పగటి కరెంటు

"రేపటి నుంచి మన పంపులకి సోలార్ లైనన్నా. ఇక కరెంటు పగలే వస్తుంది," అని పంపు షెడ్డులో లైన్‌మాన్ చెప్పగానే రైతు ముఖం మాడిపోయింది. ఉన్న కరెంటు పీకేస్తామన్నా అంత మాడేది కాదు.

"పైరుకి రాత్రి తడే మంచిది. నాకు పాత లైనే ఉంచు తమ్ముడూ."

"చాల్లే సంబడం!" అంది పక్కనే ఉన్న భార్య. "మోటారు వేయాలంటూ పదేళ్లుగా రాత్రిళ్లు జాగారమే. ఫ్లాస్కు నిండా టీ, ఒకటి పగిలితే ఇంకోటని రెండు గ్లాసులూ సర్దివ్వలేక నా ప్రాణం పోతోంది. ఇకనైనా ఈయన ఇంటిపట్టున పడుకుంటారు."

లైన్‌మాన్ గోడ మీది చిన్న పెట్టె విప్పసాగాడు. "కొత్త లైనుకి ఈ ఆటో స్టార్టర్ ఉండకూడదట వదినా."

"అదేం చేస్తుంది?"

"కరెంటు రాగానే మోటారుని దానంతటదే వేస్తుంది. మనిషి రానక్కర్లేదు. పదేళ్ల కింద అన్న దగ్గరుండి మరీ పెట్టించుకున్నాడు."

రైతు బయట కొత్తగా పెట్టిన సోలార్ పలకలకేసి దీక్షగా చూడసాగాడు.

ఆమె మెల్లగా అడిగింది:

"ఏమండీ, అయితే ఆ రెండో గ్లాసులో టీ తాగింది మోటారేనా?"